సిసిలియన్, ఇండోనేసియన్ భాషల్ని పక్కపక్కన పెడితే ఏం తేలుతుంది?

1. అరసున్న

సిసిలియన్, ఇండోనేసియన్ భాషల లక్షణాలతో ఒక పోలిక పట్టిక తయారవుతోంది. చదివేది తెలుగువాళ్లు, వాళ్లకి రెండూ కొత్తే. ముందు పదాలతో మొదలుపెడితే ఇవి దొరికాయి (సిసిలియన్ ముందు, ఇండోనేసియన్ తర్వాత):

పేదవాడు, పాపం: మిస్కీను, మిస్కిన్
చొక్కా: కమ్మీస, కెమేజా
జెండా: బన్నేర, బెందేరా
చక్రం: రోత, రోదా
బడి: స్కోల, సెకోలా
సబ్బు: సపూని, సాబున్
ఆదివారం: దుమీనిక, మింగ్గు

ఒకటి మధ్యధరా సముద్రంలో, ఒకటి హిందూ మహాసముద్రానికి అవతల. ఇన్ని పదాలు కలవడానికి కారణం ఏమై ఉంటుంది? పదాలు వదిలేసి వ్యాకరణానికి వస్తే పట్టికలో ఏ వరుసలు పెట్టడం న్యాయం?

2. శకటరేఫం

అరసున్న గారూ, ఆ ఏడు పదాల్ని మూడు కుప్పలు చేయండి, సగం పని అయిపోతుంది.

సిసిలియన్ లాటిన్ సంతతి. ఇండోనేసియన్ ఆస్ట్రోనేసియన్ కుటుంబంలోని మలయ్ భాషకు ప్రామాణిక రూపం. 1928 అక్టోబరు 28న యువజన ప్రతిజ్ఞలో దాన్ని జాతి ఏకతకు భాషగా ప్రకటించుకున్నారు, 1945 రాజ్యాంగం 36వ అధికరణం రాజ్యభాషను చేసింది. రెండింటికీ పుట్టుకలో చుట్టరికం లేదు. కలిసినవన్నీ అరువులే, కాకపోతే వచ్చిన దారులు వేరు.

మొదటి కుప్ప: కమ్మీస–కెమేజా, రోత–రోదా, బన్నేర–బెందేరా, స్కోల–సెకోలా, దుమీనిక–మింగ్గు. ఇక్కడ ఇండోనేసియన్ వైపున్నవి పోర్చుగీసు మాటలు. 1511లో పోర్చుగీసువాళ్లు మలక్కాను పట్టుకున్నాక మలయ్‌లోకి ఎక్కాయి. దొమింగో అనే మాటలో తల తెగి మింగ్గు మిగిలింది. పోర్చుగీసు, సిసిలియన్ రెండూ రొమాన్స్ భాషలే (లాటిన్ నుంచి పుట్టినవే) కాబట్టి పోలిక కనిపిస్తోంది తప్ప, సిసిలీ నుంచి జావాకి ఎవరూ ఏమీ మోసుకెళ్లలేదు. మన కమీజు కూడా ఆ చొక్కా గుడ్డలోదే.

రెండో కుప్ప: మిస్కీను–మిస్కిన్. ఇది అచ్చంగా అరబ్బీ, రెండు వైపులా. అరబ్బులు 827లో సిసిలీ పడమటి తీరాన మజార దగ్గర దిగారు, 831లో పలెర్మో తీసుకున్నారు. నార్మన్ల చేతికి చివరి పట్టణం నోటో 1091లో వెళ్లింది. ఆ రెండున్నర శతాబ్దాల్లో సేద్యపు మాటలు గుత్తగా వచ్చిపడ్డాయి: నీటితొట్టికి జెబ్బియ, పిల్లకాలువకి సాయ, నీళ్లు తోడే చక్రానికి సేనియ, నారింజ పూతకి త్సాగర, నువ్వులకి జుజ్జులేన. ఇండోనేసియన్‌లోకి వచ్చిన అరబ్బీ మాటలు మతం, చదువు, న్యాయం, కాలగణన వైపువి: కితాబ్, హుకుమ్, ఆదిల్, వక్తు, వారాల పేర్లలో సెనిన్ (సోమవారం) నుంచి సబ్తు (శనివారం) వరకూ.

మూడో కుప్పలో సబ్బు ఒక్కటే. సిసిలియన్ సపూని లాటిన్‌ది. సాబున్ అరబ్బీ నుంచి వచ్చిందని కొందరు, పోర్చుగీసు నుంచని కొందరు అంటారు. పట్టికలో దాన్ని ఉంచకపోవడమే మేలు.

ఇంకో గుర్తు చెప్తాను, పట్టికలో వరుసగా పెట్టదగ్గది. అరబ్బీ స్త్రీలింగ పదాల చివర ఒక ‘త’ ఉంటుంది. మామూలుగా పలకదు, తర్వాతి పదంతో కలిసినప్పుడే పలుకుతుంది. సిసిలీలో ఈ పదాలు పొలాల్లో చెవికి విని తీసుకున్నవి, అందుకని చివర ‘అ’ మాత్రమే మిగిలింది: జెబ్బియ, సేనియ, జార్ర (కూజా). ఇండోనేసియన్‌లో చాలా వాటికి ‘త్’ నిలిచింది: అదత్, నసిహత్, సహబత్, రక్యత్ (ప్రజలు). పారసీకం, భారతదేశం మీదుగా వచ్చిన అరబ్బీ మాటల్లో కనిపించే తీరే అది. మన రైతు కూడా రక్యత్‌కు మూలమైన అరబ్బీ పదంలోంచే వచ్చింది, ఆ ‘త’ మన దగ్గరా పోలేదు. ఒకే పదం అక్కడ ప్రజ, ఇక్కడ సేద్యగాడు.

స్పానిష్‌తో పోల్చినా తేడా తెలుస్తుంది. స్పానిష్ అరబ్బీ ఆర్టికల్‌ని కూడా పదంలో కలిపేసుకుంది (అథాహార్, అసేక్యా). సిసిలియన్ చాలా వరకు ఆర్టికల్ వదిలి పదమే తీసుకుంది (త్సాగర, సాయ). ఇండోనేసియన్‌దీ ఇదే పద్ధతి: కుర్సి, కబర్. మన కుర్చీ, కబురు వీటి దాయాదులే.

3. తెమ్మెర

శకటరేఫం గారు పదాల సంగతి తేల్చేశారు, నేను ధ్వనుల వైపు వస్తాను. తెలుగు చదువరికి సిసిలియన్ సులువుగా తగిలేది ఇక్కడే.

సిసిలియన్‌లో ఊనిక పడిన చోట అయిదు అచ్చులు, ఊనిక లేని చోట మూడే: అ, ఇ, ఉ. లాటిన్ దీర్ఘ ఏ, హ్రస్వ ఇ, దీర్ఘ ఈ మూడూ కలిసి ‘ఇ’ అయ్యాయి. అలాగే దీర్ఘ ఓ, హ్రస్వ ఉ, దీర్ఘ ఊ కలిసి ‘ఉ’ అయ్యాయి. ఇటాలియన్ సోలె (సూర్యుడు) ఇక్కడ సూలి, నేవె (మంచు) నీవి, వోచె (గొంతు) వూచి. పదం దాదాపు ఎప్పుడూ అచ్చుతో ముగుస్తుంది, ఎక్కువగా ఉ, అ, ఇ. తెలుగులా అజంతం.

ఇండోనేసియన్‌కి ఆరు అచ్చులు. ఆరోది ‘అ’కీ ‘ఎ’కీ మధ్య నలిగిపోయే పొట్టి అచ్చు. అచ్చమైన ‘ఎ’నీ దీన్నీ రాతలో ఒకే రోమన్ అక్షరంతో రాస్తారు, తప్పులన్నీ అక్కడే. తెరస్ అన్న మాట అచ్చ ‘ఎ’తో పలికితే వసారా, పొట్టి అచ్చుతో పలికితే చెట్టు లోపలి చేవ. సెరంగ్ అచ్చ ‘ఎ’తో బాంతెన్ ప్రాంతపు ఊరు, పొట్టి అచ్చుతో దాడి. తెలుగు లిపిలో ఆ అచ్చుకి గుర్తు లేదు కాబట్టి ఈ దారంలో రెండింటినీ ‘ఎ’గానే రాసుకుందాం, పట్టికలో మాత్రం గుర్తు పెట్టండి.

హల్లులు: లాటిన్ ‘ల్ల’ సిసిలియన్‌లో మూర్ధన్యమైన ‘డ్డ’ అయింది. బెల్లో అనే ఇటాలియన్ మాట ఇక్కడ బెడ్డు (అందమైన), కవాల్లో కవడ్డు (గుర్రం), స్తెల్లా స్తిడ్డ (నక్షత్రం). ‘అతడు’ ఇడ్డు, ‘ఆమె’ ఇడ్డ. ఈ ధ్వని కలబ్రియా దక్షిణాన, సలెంతోలో, సార్డీనియాలో కూడా వినిపిస్తుంది. భారతీయ భాషలతో సంబంధం అంటగట్టకండి, అది లాటిన్ ‘ల్ల’ లోంచి అక్కడికక్కడే పుట్టిన మార్పు. ‘ట్ర’ కూడా మూర్ధన్యమే: మూడుకి ట్రి. వీధి అనే మాటలో స, ట, ర మూడూ కరిగి ‘ష్ర’ లాంటి ఒకే ధ్వని అవుతుంది. ఇండోనేసియన్‌లో ఈ వరుస ఖాళీ: అక్కడ ‘త’ దంత్యం, ‘ద’ దంతమూలం దగ్గరిది, మూర్ధన్యం ఊసే లేదు.

రోమన్ లిపిలో ద్ద, డ్డ ఒకేలా కనిపిస్తాయి. అందుకే సిసిలియన్ రాసేవాళ్లలో ఎవరి పద్ధతి వాళ్లది. కదేమియ సిచిల్యాన అనే సిసిలియన్ భాషా సంస్థ వాళ్లు అక్షరం కింద చుక్క పెడతారు. తెలుగులో ఆ ఇబ్బందే లేదు.

ద్విత్వం: సిసిలియన్‌లో అర్థాన్ని మార్చేస్తుంది, కాస అంటే ఇల్లు, కాస్స అంటే పెట్టె. ఇండోనేసియన్‌లో మార్చదు, అరువు మాటల్లో రెండక్షరాలు రాసినా పలికేటప్పుడు ఒకటే. ఇండోనేసియన్ చివరి హల్లులు విడుదల కావు, నోరు మూసుకుని ఆగిపోతాయి. అనక్ (పిల్లవాడు) చివరి ‘క్’ చాలామంది నోట గొంతులో చిన్న ఆపు మాత్రమే. తెలుగువాళ్లు అలవాటుగా అక్కడొక ‘ఉ’ తగిలిస్తే వినేవాళ్లకి వేరే పదంలా ఉంటుంది.

త్సాగర అని రాసిన చోట మొదటి ధ్వని ‘చలి, చాప’ల్లోని మన దంత్య చకారం. అలా చెప్తే ఒక్కసారికే పట్టుబడుతుంది.

4. ద్వీపాంతర

ఇండోనేసియన్ క్రియ దగ్గర కొంచెం ఆగాలి. కాలం లేదు, పురుష లేదు, లింగం లేదు, వచనం లేదు అని చెప్పి చాలామంది ‘తేలిక భాష’ అని వదిలేస్తారు. కష్టమంతా ఉపసర్గల్లో ఉంది.

కర్తరి క్రియ ముందు ‘మె’ చేరి, ధాతువు మొదటి అక్షరాన్ని బట్టి అనునాసికం తెచ్చుకుంటుంది. స్థూలంగా:

బ ముందు ‘మెమ్’: బచా (చదువు) → మెంబచా
ద, చ, జ ముందు ‘మెన్’: చుచి (కడుగు) → మెంచుచి
గ, హ, అచ్చుల ముందు ‘మెంగ్’: అంబిల్ (తీసుకో) → మెంగంబిల్
ల, ర, మ, న, య, వ ముందు వట్టి ‘మె’: లిహత్ (చూడు) → మెలిహత్
ఏకాక్షర ధాతువుకి ‘మెంగె’: చత్ (రంగు) → మెంగెచత్

ప, త, క, స లతో మొదలైతే ఆ హల్లే మాయమై అనునాసికం దాని చోట కూర్చుంటుంది: పుకుల్ → మెముకుల్, తులిస్ → మెనులిస్, కిరిమ్ → మెంగిరిమ్, సాపు → మెన్యాపు. సంయుక్తాక్షరంతో మొదలైన అరువు మాటల్లో హల్లు పోదు: ప్రొసెస్ → మెంప్రొసెస్.

నిఘంటువు ధాతువు కింద అమర్చి ఉంటుంది కాబట్టి వెనక్కి విప్పడం తెలియాలి. తప్పులు ఎక్కడంటే, మెమసక్ (వండు) చూసి పసక్ అనే ధాతువు వెతుకుతారు, అసలు ధాతువు మసక్. మెన్యాన్యి (పాడు) ధాతువు న్యాన్యి, సాన్యి కాదు. కొన్ని నిజంగానే రెండు దారులు: మెమెరహ్ అంటే మెరహ్ నుంచి ‘ఎర్రబడు’, పెరహ్ నుంచి ‘పాలు పితుకు’. మెంగుకుర్ అంటే ఉకుర్ నుంచి ‘కొలువు’, కుకుర్ నుంచి ‘కోరు’ (కొబ్బరి కోరినట్టు). సందర్భం తప్ప దిక్కు లేదు. బెరువంగ్ అనే మాటని బెర్-ఉవంగ్ అని విడదీస్తే ‘డబ్బున్న’, బె-రువంగ్ అంటే ‘గదులున్న’, విడదీయకపోతే ఎలుగుబంటి.

సందేహం వస్తే కర్మణి రూపం ‘ది’ పెట్టి చూడండి. అక్కడ హల్లు తిరిగొస్తుంది: దితులిస్, దిపుకుల్, దికిరిమ్. పాఠంలో రెండు రూపాలూ దొరికితే ధాతువు ఖాయం.

చివరి ప్రత్యయాలు ‘కన్’, ‘ఇ’ కూడా పట్టికలో పెట్టండి. దుదుక్ (కూర్చో) నుంచి మెందుదుక్కన్ అంటే కూర్చోబెట్టు, మెందుదుకి అంటే ఒక చోట కూర్చో, ఆక్రమించు. మన ‘కూర్చోబెట్టు’ పనిని ‘కన్’ చేస్తుంది. కర్మని చోటుగా మార్చే ‘ఇ’కి మన దగ్గర సరిజోడీ లేదు.

5. నుడికారం

సిసిలియన్ క్రియ దీనికి పూర్తి విరుద్ధం. పురుష, వచనం, కాలం అన్నీ క్రియ చివరే ఉంటాయి, కర్త మాట అక్కర్లేదు. మనలాగే: ‘తిన్నాను’ అంటే చాలు, మంచాయ్.

ఇటాలియన్ పుస్తకం పక్కన పెట్టుకుని సిసిలియన్ పట్టిక నింపేవాళ్లు మూడు చోట్ల జారతారు.

ఒకటి, భవిష్యత్తు. వాడుకలో ప్రత్యేక రూపం లేదు. ‘రేపు వస్తాను’ దుమాని వెన్యు, వర్తమానమే. చేయాల్సినదైతే ‘ఆయు అ ఫారి’, చేయవలసి ఉంది. ఇటాలియన్ తరహాలో భవిష్యత్ ప్రత్యయం తగిలించిన రూపాలు కనిపిస్తే అవి పై నుంచి దిగినవి. ఇండోనేసియన్ బేసొక్ సయా దతంగ్ (రేపు నేను వస్తా) కూడా ఇదే పద్ధతి, అకన్ అనే మాట పెడితే పెట్టొచ్చు. తెలుగు ‘వస్తాను’ అలవాటుకీ రేపటికీ ఒకటే కదా. ఈ వరుసలో మూడు భాషలూ ఒక గడిలో పడతాయి.

రెండు, భూతకాలం. ఇటాలియన్ ఉత్తరాది వాడుకలో దూరపు గతానికి పరిమితమైన రూపాన్ని సిసిలియన్ ఇప్పుడే జరిగిన దానికీ వాడుతుంది. ‘ఏమన్నావు?’ అనడానికి ‘కి దిచీస్తి?’. అవీరి సహాయక్రియతో కట్టే సంయుక్త రూపం పదే పదే జరిగినదానికి, అనుభవంలో ఉన్నదానికి. దాని ఇండోనేసియన్ జోడు పెర్నహ్ (ఎప్పుడైనా చేసి ఉండడం), సుదహ్ కాదు. ఈ రెండిటినీ కలిపేస్తే పట్టిక తప్పుతుంది.

మూడు, షరతు వాక్యం. రెండు భాగాల్లోనూ ఒకే రూపం వస్తుంది: సి పుతీస్సి, వినీస్సి (వీలైతే వచ్చేవాణ్ణి). ఆ రూపాన్నే మర్యాద ఆజ్ఞకీ వాడతారు. లోపలికి దయచేయండి: ట్రసీస్సి. కూర్చోండి: సస్సిత్తాస్సి. పెద్దవాళ్లని వొస్సీయ అని సంబోధించి క్రియని ప్రథమ పురుషలో పెడతారు. మన ‘తమరు’కి దగ్గర. ఇండోనేసియన్‌లో క్రియ మారదు, బపక్ (నాన్న), ఇబు (అమ్మ) అనే చుట్టరికపు మాటలే ‘మీరు’ పని చేస్తాయి: సిలకన్ దుదుక్, పక్. తెలియని పెద్దాయన్ని ‘బాబాయ్, కూర్చోండి’ అనే మన అలవాటుకి ఇది దగ్గర.

6. అరసున్న

‘ఆమ్రేడితం’ అనే వరుసలో రెండు భాషలకీ ‘ఉంది’ అని రాసి పెట్టాను. సరిపోతుందా?

7. శకటరేఫం

సరిపోదండీ. ఈ మొత్తం పోలికలో బలమైన వరుస ఇదే, ‘ఉంది’ అని ఒక్క మాటలో తేల్చేస్తే ఎలా?

సిసిలియన్‌లో స్థలాన్ని చెప్పే నామవాచకాన్ని రెట్టిస్తే ‘దాని వెంట, దానిలో అటూ ఇటూ’ అనే అర్థం వస్తుంది. ఆర్టికల్ ఉండదు, ప్రిపొజిషన్ ఉండదు. కాసి కాసి: ఇల్లిల్లూ తిరుగుతూ, లేదా ఇల్లంతా. ష్ట్రాతి ష్ట్రాతి: వీధుల వెంట. మూరు మూరు: గోడ వారనే. రీప రీప: ఒడ్డు వెంబడే. క్రియని రెట్టిస్తే ‘ఎవరైనా, ఎక్కడైనా’ వస్తుంది. కు వేని వేని: ఎవరొస్తే వాళ్లు. ఉన్ని వాయు వాయు: నేను ఎక్కడికెళ్తే అక్కడ. విశేషణం రెట్టిస్తే తీవ్రత: నీకు నీకు అంటే బుల్లి బుల్లి (తెలుగు ‘నీకు’ కాదు). ఓర ఓర: ఇప్పుడిప్పుడే. కమినాన్ను కమినాన్ను: నడుస్తూ నడుస్తూ.

బహువచనానికి మాత్రం ఆమ్రేడితం ఎన్నడూ పనికిరాదు. దానికి చివరి అచ్చు మారుతుంది: కాస → కాసి. కొన్ని పుంలింగాలకి చివర ‘అ’ వస్తుంది: లిబ్బ్రు → లిబ్బ్ర, యోర్ను (రోజు) → యోర్న.

8. ద్వీపాంతర

ఇండోనేసియన్‌లో ఆమ్రేడితం చేసే పనులు చాలా ఎక్కువ, బహువచనం వాటిలో ఒకటి మాత్రమే.

అనక్-అనక్ పిల్లలు, నిజమే. కానీ సంఖ్య ఉంటే రెట్టించకూడదు: తిగా బుకు (మూడు పుస్తకాలు) ఒప్పు, తిగా బుకు-బుకు తప్పు. సందర్భంలో ‘చాలా’ అని తెలిసిపోతుంటే వట్టి పదమే చాలు. తెలుగువాళ్లు ప్రతి ‘లు’కీ ఒక రెట్టింపు పెట్టేస్తారు, అనువాదం నత్తినత్తిగా తయారవుతుంది.

క్రియని రెట్టిస్తే తీరిక: దుదుక్-దుదుక్ ఊరికే కూర్చుని కబుర్లాడడం. ‘అన్’ చేరితే బొమ్మ: మొబిల్-మొబిలన్ బొమ్మ కారు, కుదా-కుదాన్ బొమ్మ గుర్రం. రెండో భాగానికి ‘మె’ చేరితే పరస్పరం: తొలోంగ్-మెనొలోంగ్ ఒకరికొకరు సాయం. కొన్ని అసలు రెట్టింపుగానే పుట్టాయి: కుపు-కుపు సీతాకోకచిలుక, లాబా-లాబా సాలీడు. కొన్నింట్లో అర్థమే ఎగిరిపోతుంది: మతా కన్ను, మతా-మతా గూఢచారి. లంగిత్ ఆకాశం, లంగిత్-లంగిత్ ఇంటి పైకప్పు లోపలి భాగం.

1947 నాటి లిపి పద్ధతిలో రెట్టింపుకి పదం పక్కన 2 అంకె వేసేవారు. 1972 ఆగస్టులో వచ్చిన సంస్కరణ దాన్ని తీసేసి పూర్తిగా, మధ్యలో గీతతో రాయమంది. పాత పత్రికలు చదివేటప్పుడు ఆ 2 కనిపిస్తే పాదసూచిక అనుకోకండి. ఫోన్ సందేశాల్లో అది ఇప్పటికీ బతికే ఉంది.

శకటరేఫం గారి ష్ట్రాతి ష్ట్రాతి చూడగానే జలన్-జలన్ (షికారు) గుర్తొస్తుంది. కానీ రెండూ ఒకటని నేను ఒప్పుకోను. సిసిలియన్‌లో అర్థం ‘వీధి’ అనే స్థలం నుంచి వస్తోంది. జలన్‌కి దారి, నడక రెండర్థాలూ ఉన్నా, షికారు అన్న అర్థం నడకని రెట్టించడం వల్ల వచ్చింది, దుదుక్-దుదుక్ లాగే.

9. తెమ్మెర

తెలుగు ఈ రెంటికీ నడుమ కూర్చుంటుంది, అందుకే తెలుగు నిలువు వరుస కూడా పెట్టమంటాను. ‘ఇంటింటా, ఊరూరా’ అన్నప్పుడు సిసిలియన్ కాసి కాసి పక్కన ఉంటాం. ‘నడుస్తూ నడుస్తూ’ అన్నప్పుడు ఇద్దరం అచ్చుగుద్దినట్టే. బహువచనానికి ప్రత్యయం వాడడంలో కూడా సిసిలియన్ వైపే. ‘కూరలూ గీరలూ’ అన్నప్పుడు మాత్రం ఇండోనేసియన్ వైపు జరుగుతాం: సయుర్-మయుర్ అంటే కూరగాయలు వగైరా, లౌక్-పౌక్ అంటే అన్నంలోకి నంజుకునేవన్నీ. తేడా ఏమంటే మన ‘గి’ ఏ మాటకైనా తగులుతుంది, ఫోను గీను అంటాం. వాళ్లవి నిఘంటువులో స్థిరపడిన జంటలు, కొత్తగా కట్టడం కుదరదు.

10. నుడికారం

ఇంకో మూడు వరుసలు. ఇవి పెట్టకపోతే పట్టిక తెలుగువాళ్ల కోసం తయారైనట్టే కాదు.

మేము, మనం: ఇండోనేసియన్‌లో వినేవాణ్ణి వదిలేస్తే కమి, కలుపుకుంటే కితా. ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవాళ్లు నెలల తరబడి తడబడే చోట తెలుగువాడికి వివరణే అక్కర్లేదు. ఒక్క హెచ్చరిక: జకార్తా మాటల్లో కితా ‘మేము’ అర్థంలోనూ దొర్లుతుంది. సిసిలియన్‌లో నుయ్, నుఆట్రి ఉన్నాయి కానీ రెండూ ‘మేము/మనం’ రెంటికీ పనికొస్తాయి. నుఆట్రికి పదశః ‘మేము ఇతరులం’ అని అర్థం చూసి కొందరు అది ‘మేము’ అని రాసేస్తారు, అది తప్పు.

వ్యతిరేకం: తిదక్ క్రియకీ విశేషణానికీ, బుకన్ నామవాచకానికి, జంగన్ నిషేధానికి, బెలుమ్ ‘ఇంకా లేదు’కి. మన లేదు, కాదు, వద్దు పక్కన పెట్టండి. బుకన్ = కాదు, జంగన్ = వద్దు దాదాపు చక్కగా కుదురుతాయి. విశేషణం దగ్గర తేడా పడుతుంది: ‘పెద్దది కాదు’ అని మనం అంటాం, వాళ్లు తిదక్ బెసర్ అనాలి, బుకన్ బెసర్ అంటే ‘పెద్ద అని కాదు, మరొకటి’ అని సరిదిద్దినట్టు. సిసిలియన్‌లో ఇవన్నీ నున్ ఒక్కటే చేస్తుంది.

కర్మకి గుర్తు: తెలుగులో ‘అబ్బాయిని చూశాను’, కానీ ‘పుస్తకం చూశాను’. సిసిలియన్‌లోనూ మనుషుల ముందు ‘అ’ వస్తుంది. విత్తి అ తో పాట్రి: మీ నాన్నని చూశాను. విత్తి ఉ లిబ్బ్రు: పుస్తకం చూశాను. ఆ ‘అ’ ఉ అనే ఆర్టికల్‌తో కలిస్తే ‘ఓ’ అవుతుంది. విత్తి ఓ పిచ్చొత్తు: ఆ కుర్రాణ్ణి చూశాను. అయితే ‘ఒక కుర్రాణ్ణి’ అన్నప్పుడు సాధారణంగా ఈ ‘అ’ పడదు, మనం ‘ని’ వదలం. ఇంకో ఉచ్చు ఉంది: స్త్రీలింగ ఆర్టికల్ ‘ల’ కూడా మాటల్లో అరిగి ‘అ’ అవుతుంది. విత్తి అ కాస (ఇల్లు చూశాను) లోని ‘అ’ ఆర్టికలే, కర్మ గుర్తు కాదు. ఉదాహరణలు పుంలింగంలోనే ఇవ్వండి, గందరగోళం ఉండదు. ఇండోనేసియన్‌లో కర్మకి గుర్తే లేదు, పదక్రమమే ఆధారం.

‘నాకు నచ్చింది’ తరహా వాక్యం సిసిలియన్‌లో ఉంది, మి ప్యాచి. ఇండోనేసియన్ సయా సుకా, నేనే కర్త.

11. ద్వీపాంతర

ఉదాహరణ వాక్యాలు ఎంచేముందు ఒక మాట. రెండు వైపులా ఒకే స్థాయి భాష తీసుకోవాలి. ఇండోనేసియన్‌కి పాఠ్యపుస్తకపు బాకు (ప్రామాణిక) రూపం తీసుకుని, సిసిలియన్‌కి కతానియా బజారు మాట తీసుకుంటే పోలిక చెడుతుంది. జకార్తా వాడుకలో ‘మె’ రాలిపోయి అనునాసికమే మిగులుతుంది: నులిస్, ముకుల్, ంగిరిమ్. ‘కన్’ చోట ‘ఇన్’ వస్తుంది. తిదక్ ంగ్గక్ అవుతుంది. సిసిలియన్‌కి పై మెట్టు మీద ఉన్నది దాని ప్రామాణిక రూపం కాదు, ఇటాలియన్ అనే వేరే భాష. ఇటలీ 1999 నాటి 482వ చట్టం రక్షించే అల్పసంఖ్యాక భాషల జాబితాలో సిసిలియన్ లేదు. ద్వీపపు ప్రాంతీయ శాసనసభ 2011లో చేసిన 9వ చట్టం బడుల్లో దాన్ని ప్రోత్సహిస్తుంది. అందుకని ‘ప్రామాణిక సిసిలియన్’ అని శీర్షిక పెట్టకండి, ఏ ఊరి రూపమో రాయండి.

సంస్కృత పదాల వరుస పెడితే అర్థాల గడి తప్పనిసరి. చింతా అంటే ప్రేమ, సెంగ్సరా (సంసారం) అంటే బాధ, గెంబిరా (గంభీరం) అంటే సంతోషం, బెంచనా (వంచన) అంటే విపత్తు. తెలుగువాళ్లు గుర్తుపట్టేస్తాం అనే ధీమాతోనే బోల్తా పడతారు.

12. అరసున్న

కృతజ్ఞతలు అందరికీ. చివరి పేజీకి ఒకే అర్థం ఉన్న వాక్యాలు మూడు భాషల్లో కావాలి. ఎక్కువ వద్దు, ఒక్కో దాంట్లో ఒక్కో లక్షణం తెలిసేలా ఉంటే చాలు.

13. శకటరేఫం

సిసిలియన్ నేను ఇస్తాను, ఇండోనేసియన్ ద్వీపాంతర గారు సరిచూడాలి.

‘నిన్న వచ్చిన అబ్బాయిని చూడలేదు.’
నున్ విత్తి ఓ పిచ్చొత్తు క విన్ని అయేరి.
సయా తిదక్ మెలిహత్ అనక్ యంగ్ దతంగ్ కెమరిన్.
మనకి ‘వచ్చిన’ ముందు వస్తుంది. వాళ్లిద్దరికీ క, యంగ్ తర్వాత వస్తాయి.

‘నేను చదివిన పుస్తకం’
ఉ లిబ్బ్రు క లిజ్జీయి.
బుకు యంగ్ సయా బచా.

‘అమ్మ ఇంకా రాలేదు.’
మె మాట్రి అంకోర నున్ విన్ని.
ఇబు బెలుమ్ దతంగ్.

14. ద్వీపాంతర

మూడూ సరిగానే ఉన్నాయి. రెండో దాని కింద ఒక గమనిక వేయండి: బుకు యంగ్ సయా మెంబచా అని రాయకూడదు. యంగ్ వెనక కర్మ గురించి చెప్తుంటే క్రియకి ‘మె’ తీసేయాలి, సర్వనామం క్రియకి అతుక్కుని ఉండాలి, మధ్యలో సుదహ్ కూడా దూరకూడదు. ‘నేను అప్పటికే చదివిన పుస్తకం’ బుకు యంగ్ సుదహ్ సయా బచా. అభ్యాసాల్లో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే.

15. నుడికారం

మూడో వాక్యంలో తెలుగు వైపు ‘మా అమ్మ’ అని మార్చండి. సిసిలియన్‌లో మె అంటే ‘నా’, చుట్టరికపు మాట ముందు ఆర్టికల్ కూడా లేదు. ఇండోనేసియన్‌లో సొంత అమ్మ అయితే వట్టి ఇబు చాలు, బయటివాళ్లకి చెప్పేటప్పుడు ఇబు సయా. ‘నా అమ్మ’ అని పెడితే తెలుగు గడి ఒక్కటే అనువాదంలా కనిపిస్తుంది.